కంప్యూటర్ భాష మార్చాక ఫోల్డర్ల పేర్లు మారిపోతే ఏం చెయ్యాలి: విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ

కంప్యూటర్‌ని తెలుగులోకి మార్చారు, లేదా జర్మనీలో చదువుకుంటున్న అబ్బాయి అక్కడ కొన్న లాప్‌టాప్‌ని సెలవలకి వచ్చినప్పుడు ఇంట్లో వదిలేసి వెళ్ళాడు, ఇప్పుడు తెరిచి చూస్తే డాక్యుమెంట్స్ అనే ఫోల్డర్ ఎక్కడా లేదు, దాని ప్లేసులో ఇంకేదో పేరు ఉంది. కొంతమందికి ఇంకా విచిత్రంగా ఒకే ఫోల్డర్ రెండు పేర్లతో రెండు సార్లు కనబడుతుంది, ఒకదాంట్లో ఫైళ్ళుంటాయి, రెండోది ఖాళీ. కంగారు పడకండి, భాష మార్చినంత మాత్రాన ఫైళ్ళు పోవు. పోయేది ఎప్పుడంటే, కంగారులో మనం ఆ ఫోల్డర్లని రీనేమ్ చేసి, ఖాళీగా కనబడినదాన్ని డిలీట్ చేసి, ఇంకోదాన్ని పెన్ డ్రైవ్‌కి కట్ చేసి పేస్ట్ చేసినప్పుడు. అందుకే ఇది పూర్తిగా చదివేదాకా రీనేమ్, డిలీట్, కట్ మూడూ ముట్టుకోకండి, కాపీ మాత్రం ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు.

మన వైజాగ్‌లో ఈ సమస్య ఎందుకు వస్తుందంటే ఒక్కో ఇంట్లో మూడు నాలుగు రకాల కంప్యూటర్లు కలుస్తున్నాయి. షిప్పుల్లో పనిచేసేవాళ్ళు బయట పోర్టుల్లో కొన్న లాప్‌టాప్‌లు, రుషికొండ, మధురవాడ వైపు ఉద్యోగాలు చేసేవాళ్ళ ఆఫీసు మెషీన్లు, పిల్లల కాలేజీ ప్రాజెక్టుల కోసం వేసిన ఉబుంటు అనే లినక్స్, అమ్మానాన్నల కోసం తెలుగులో పెట్టిన పాత డెస్క్‌టాప్. అన్నిటి మధ్యా ఒకటే పెన్ డ్రైవ్ తిరుగుతూ ఉంటుంది. ఒక్కో సిస్టమ్ ఫోల్డర్ పేరుని ఒక్కోలా చూస్తుందని తెలియకపోతే ఎక్కడో ఒకచోట తప్పకుండా తేడా వస్తుంది.

స్టెప్ 1: ఆ పేరు నిజంగా డిస్క్ మీద ఉందా, స్క్రీన్ మీద మాత్రమే ఉందా

మొత్తం విషయం ఇక్కడే ఉంది, ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. విండోస్‌లో, మ్యాక్‌లో డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ లాంటి సిస్టమ్ ఫోల్డర్లకి డిస్క్ మీద పేరు ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, స్క్రీన్ మీద చూపించేటప్పుడు మాత్రం మీరు పెట్టుకున్న భాషలో చూపిస్తుంది. లినక్స్‌లో అలా కాదు, అక్కడ పేరు నిజంగానే ఆ భాషలో డిస్క్ మీద రాసేస్తుంది. ఇంటి గేటు మీద పేరు మీకు నచ్చిన భాషలో రాయించుకోవచ్చు, మునిసిపల్ కార్పొరేషన్ (జీవీఎంసీ) రికార్డులో డోర్ నంబర్ మాత్రం మారదు కదా, విండోస్, మ్యాక్ చేసేది అది. లినక్స్ ఏకంగా డోర్ నంబరే మార్చేస్తుంది.

ఎలా తేల్చుకోవాలంటే: విండోస్‌లో ఆ ఫోల్డర్ లోపల ఉన్న ఏదో ఒక ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ యాజ్ పాత్ అన్నది నొక్కండి, విండోస్ 10లో అయితే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తేనే అది కనబడుతుంది, తర్వాత నోట్‌ప్యాడ్ తెరిచి పేస్ట్ చెయ్యండి. స్క్రీన్ మీద ఫోల్డర్ పేరు జర్మన్‌లో డోకుమెంటె అని ఉన్నా, నోట్‌ప్యాడ్‌లో పడేది సీ డ్రైవ్, యూజర్స్, మీ పేరు, డాక్యుమెంట్స్ అనే ఇంగ్లిష్ దారి. మ్యాక్‌లో అయితే టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి ఆ ఫోల్డర్‌ని మౌస్‌తో లాక్కొచ్చి టెర్మినల్ విండోలో వదలండి, అసలు పేరు అక్కడ పడుతుంది. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్ అని చిన్న అక్షరాల్లో కొట్టండి, కనబడిందే అసలు పేరు, దాని వెనకాల ఇంకో పేరు లేదు.

ఇంకో విషయం, ఈ వ్యాసంలో కమాండ్లు, ఫైళ్ళ పేర్లు అన్నీ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

స్టెప్ 2: విండోస్ అయితే

పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇది ఇంత సులువుగా ఉండేది కాదు. అప్పుడు ఒక్కో భాష విండోస్‌కి ఫోల్డర్ పేర్లు డిస్క్ మీదే ఆ భాషలో ఉండేవి, ఇంగ్లిష్ దారి గుడ్డిగా రాసుకున్న ప్రోగ్రాములు జర్మన్, ఫ్రెంచ్ మెషీన్ల మీద ఆ ఫోల్డర్ దొరక్క ఆగిపోయేవి. విస్టా నుంచి, అంటే 2007 నుంచి, మైక్రోసాఫ్ట్ డిస్క్ మీద పేర్లన్నీ ఇంగ్లిష్ చేసేసి, చూపించే పేరుని విడదీసింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ లాంటి పాత పేర్లతో దారి మళ్ళింపులు కూడా పెట్టింది, వాటిని తెరవబోతే పర్మిషన్ లేదని వస్తుంది, అది మామూలే, వాటి జోలికి వెళ్ళక్కర్లేదు.

చూపించే పేరు ఎక్కడి నుంచి వస్తుందంటే, ప్రతి సిస్టమ్ ఫోల్డర్ లోపలా డెస్క్‌టాప్ డాట్ ఐఎన్‌ఐ అని దాచిన ఫైల్ ఒకటి ఉంటుంది. దాన్ని చూడాలంటే ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద హిడెన్ ఐటమ్స్ ఆన్ చెయ్యాలి, అది సరిపోదు, ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్ళి హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ అన్న టిక్ కూడా తియ్యాలి. ఆ టిక్ తియ్యగానే డెస్క్‌టాప్ మీద ఇదే పేరుతో రెండు ఐకాన్లు వచ్చి కూర్చుంటాయి. చాలామంది వైరస్ అనుకుని భయపడతారు, కాదండి, ఒకటి మీ డెస్క్‌టాప్‌ది, రెండోది అందరు యూజర్లకీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ డెస్క్‌టాప్‌ది. పని అయ్యాక టిక్ మళ్ళీ పెట్టేస్తే పోతాయి.

డాక్యుమెంట్స్‌లో ఉన్న ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోకలైజ్డ్ రిసోర్స్ నేమ్ అనే లైన్ కనబడుతుంది. దాని ఎదురుగా షెల్32 డాట్ డీఎల్‌ఎల్ అని, కామా తర్వాత మైనస్ 21770 అని ఉంటుంది. అంటే ఆ డీఎల్‌ఎల్ ఫైల్‌లో 21770 నంబరు దగ్గర ఉన్న మాటని మీ భాషలో తీసుకొచ్చి చూపించు అని అర్థం. డౌన్‌లోడ్స్‌కి అయితే 21798. తెలుగు పెడితే తెలుగు, జర్మన్ పెడితే జర్మన్, ఫోల్డర్ మాత్రం ఒకటే.

ఇప్పుడు అసలు తిప్పలు ఎక్కడ వస్తాయో చూడండి. మీరు నాన్నగారి డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి దానికి నాన్న బ్యాకప్ అని పేరు పెట్టారనుకోండి. దాచిన ఆ ఐఎన్‌ఐ ఫైల్ కూడా వెనకాలే వెళ్ళిపోవచ్చు, అప్పుడు పెన్ డ్రైవ్‌లో నాన్న బ్యాకప్ అన్న పేరుకి బదులు మళ్ళీ డాక్యుమెంట్స్ అనే కనబడుతుంది. అమ్మది, తమ్ముడిది కూడా అలాగే కాపీ చేస్తే ఒకే పేరుతో మూడు ఫోల్డర్లు వరసగా కనబడతాయి, ఏది ఎవరిదో తెలియదు. ఆఫీసుల్లో అందరి డాక్యుమెంట్స్‌నీ సర్వర్ మీదకి మళ్ళించినప్పుడు కూడా అడ్మిన్‌కి ఇదే తలనొప్పి, యూజర్ల పేర్లు కనబడాల్సిన చోట అన్నీ డాక్యుమెంట్సే. మందు చాలా చిన్నది: ఆ కాపీ లోపల ఉన్న డెస్క్‌టాప్ డాట్ ఐఎన్‌ఐని మాత్రం డిలీట్ చేసి ఎఫ్5 కొట్టండి, మీరు పెట్టిన పేరు బయటికి వస్తుంది. అసలు డాక్యుమెంట్స్‌లో ఉన్నదాన్ని తియ్యకండి, కాపీలో ఉన్నదాన్నే.

ఫోన్‌లో ఎవరికైనా చెప్పాల్సి వచ్చినప్పుడు ఫోల్డర్ పేరుతో చెప్పకండి, అది అతి పెద్ద చిక్కు. సీతమ్మధారలో ఉన్న మా పెదనాన్నగారికి తెలుగు స్క్రీన్, నాకు ఇంగ్లిష్ స్క్రీన్, ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకున్నారు, ఎక్కడుందో తెలీదు.

"డౌన్‌లోడ్స్‌లోకి వెళ్ళండి పెదనాన్నా."

"అలాంటిది ఇంగ్లిష్‌లో ఏదీ లేదురా ఇక్కడ, అన్నీ తెలుగులో ఉన్నాయి, నువ్వు చెప్పేది ఏదో తెలీట్లేదు."

"సరే అది వదిలెయ్యండి. కిటికీ బొమ్మ ఉన్న బటన్ పట్టుకుని ఆర్ నొక్కండి, చిన్న పెట్టె వస్తుంది. అందులో షెల్, కోలన్, డౌన్‌లోడ్స్, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్."

"ఆ, వచ్చింది. ఇదిగో ఇక్కడే ఉంది."

స్క్రీన్ మీద ఏ భాష ఉన్నా ఈ షెల్ కోలన్ పద్ధతి పనిచేస్తుంది, ఫోల్డర్‌ని డీ డ్రైవ్‌లోకి మార్చేసినా సరిగ్గా అక్కడికే తీసుకెళ్తుంది. డాక్యుమెంట్స్‌కి అయితే షెల్ కోలన్ పర్సనల్. ఈ రెండూ ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నల కంప్యూటర్ పక్కన అంటించి పెట్టండి, మీకు సగం ఫోన్లు తగ్గుతాయి.

ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌కి మార్చాలంటే కట్ చేసి పేస్ట్ చెయ్యొద్దు. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, అక్కడ మూవ్ నొక్కి కొత్త చోటు చూపించండి. ఆ కొత్త చోటు డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ అయ్యుండాలి, నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయిపోయి కూర్చుంటుంది, దాన్ని వెనక్కి తిప్పడం చాలా విసుగు. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) బ్యాకప్ ఆన్‌లో ఉంటే మీ డాక్యుమెంట్స్ ఇప్పటికే వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది, లొకేషన్ ట్యాబ్‌లో ఆ దారి కనబడుతుంది, ఏం చేసినా ముందు అది చూసుకోండి.

ఇక అసలు పేరు ఇంగ్లిష్‌లో ఉంచి చూపించే పేరు తెలుగులో పెట్టుకోవడం సిస్టమ్ ఫోల్డర్లకే కాదు, మీ సొంత ఫోల్డర్లకి కూడా చేసుకోవచ్చు. నోట్‌ప్యాడ్‌లో మొదటి లైన్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య డాట్ షెల్‌క్లాస్‌ఇన్ఫో అని, రెండో లైన్‌లో లోకలైజ్డ్‌రిసోర్స్‌నేమ్ ఈక్వల్స్ అని దాని పక్కన మీకు కావాల్సిన తెలుగు పేరు రాసి, ఆ ఫోల్డర్ లోపల డెస్క్‌టాప్ డాట్ ఐఎన్‌ఐ పేరుతో సేవ్ చెయ్యండి. సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-16 ఎల్‌ఈ ఎంచుకోవాలి, లేకపోతే తెలుగు అక్షరాలు చెత్తగా వస్తాయి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఏ-టీ-టీ-ఆర్-ఐ-బీ, స్పేస్, ప్లస్ ఆర్, స్పేస్, ఆ ఫోల్డర్ దారి కొట్టాలి. ఫోల్డర్‌కి రీడ్ ఓన్లీ గానీ సిస్టమ్ గానీ గుర్తు ఉంటేనే విండోస్ ఆ ఐఎన్‌ఐని చదువుతుంది, అది లేకపోతే మీరెంత సరిగ్గా రాసినా పట్టించుకోదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

కొత్తగా కొన్న లాప్‌టాప్‌లో తెలుగు పెడదామంటే ఒక లైసెన్స్‌కి ఒకే డిస్‌ప్లే భాష అని మెసేజ్ వస్తే, అది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ అని అర్థం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే ఎడిషన్ పేరు కనబడుతుంది. కొనేముందే షాపులో అడిగి చూసుకోవడం మంచిది.

స్టెప్ 3: లినక్స్ అయితే, ఇక్కడ మాత్రం నెమ్మదిగా

ఉబుంటు లాంటివాటిలో భాషని తెలుగుకి మార్చి లాగౌట్ అయ్యి లాగిన్ అవ్వగానే ఒక చిన్న పెట్టె వస్తుంది: స్టాండర్డ్ ఫోల్డర్ల పేర్లని ఇప్పటి భాషలోకి మార్చమంటారా అని. కింద రెండు బటన్లు, పాత పేర్లు ఉంచు, పేర్లు మార్చు. మధ్యలో మళ్ళీ అడగొద్దు అన్న టిక్. చాలామంది చదవకుండా మార్చు నొక్కేస్తారు. ఆ పెట్టెలోనే ఇప్పుడున్న ఫైళ్ళు కొత్త ఫోల్డర్లలోకి వెళ్ళవు అని రాసి ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. మార్చు నొక్కితే జరిగేది ఏంటంటే, తెలుగు పేర్లతో కొత్త ఫోల్డర్లు పుడతాయి, పాతవాటిలో ఖాళీగా ఉన్నవి పోతాయి, ఫైళ్ళున్నవి అలాగే ఉండిపోతాయి. అందుకే ఇంగ్లిష్ డాక్యుమెంట్స్ ఒకటి, తెలుగు పేరుతో ఇంకోటి, జంటగా కనబడతాయి. మొదట్లో చెప్పిన రెండు పేర్ల గొడవ ఇదే.

నా సలహా నిర్మొహమాటంగా చెప్తాను: లినక్స్‌లో పాత పేర్లు ఉంచు నొక్కి, మళ్ళీ అడగొద్దు టిక్ పెట్టండి. మెనూలు, బటన్లు, సెట్టింగ్స్ అన్నీ తెలుగులో ఉంచుకోండి, అది చాలా మంచి విషయం, స్వేచ్ఛ లాంటి సంస్థల్లో పనిచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని ఆ మాటలన్నీ తెలుగు చేసి పెట్టారు, వాడుకోవాలి. కానీ హోమ్‌లో, అంటే మీ యూజర్ ఫోల్డర్‌లో, ఉన్న డాక్యుమెంట్స్ లాంటి ఎనిమిది ఫోల్డర్ల పేర్లు మాత్రం డిస్క్ మీద నిజంగా మారతాయి కాబట్టి, టెర్మినల్‌లో పనిచేసే పిల్లలకి, బ్యాకప్ స్క్రిప్టులకి ఇబ్బంది. టెర్మినల్‌లో తెలుగు పేర్లు కొట్టడం కష్టం, చాలా టెర్మినల్స్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనబడతాయి కూడా.

ఇప్పటికే మార్చు నొక్కేసి ఉంటే వెనక్కి రావడం ఇలాగ:

ముందు హోమ్‌లో డాట్ కాన్ఫిగ్ అనే దాచిన ఫోల్డర్‌లో యూజర్-డిర్స్ డాట్ డిర్స్ అని ఒక ఫైల్ ఉంటుంది, కంట్రోల్ పట్టుకుని ఎచ్ నొక్కితే దాచినవి కనబడతాయి. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. ఎక్స్‌డీజీ డాక్యుమెంట్స్ డిర్, ఎక్స్‌డీజీ డౌన్‌లోడ్ డిర్ అని మొత్తం ఎనిమిది లైన్లు, ఒక్కో దాని ఎదురుగా ఏ ఫోల్డర్ అన్నది కోట్స్‌లో ఉంటుంది. సిస్టమ్ మొత్తానికి ఇదే చిట్టా. పక్కనే యూజర్-డిర్స్ డాట్ లొకేల్ అని ఇంకో చిన్న ఫైల్ ఉంటుంది, ఏ భాషలో పేర్లు పెట్టిందో అందులో గుర్తు రాసుకుంటుంది, లాగిన్ అయినప్పుడు దానికీ ఇప్పటి భాషకీ తేడా ఉంటేనే ఆ పెట్టె వస్తుంది.

తర్వాత టెర్మినల్‌లో ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ ఈక్వల్స్ సీ, అన్నీ పెద్ద అక్షరాల్లో, ఒక ఖాళీ, ఆ తర్వాత చిన్న అక్షరాల్లో ఎక్స్‌డీజీ-యూజర్-డిర్స్-అప్‌డేట్, మళ్ళీ ఖాళీ, రెండు హైఫన్లు, ఫోర్స్ అని కొట్టండి. చిట్టాలో పేర్లు ఇంగ్లిష్‌కి వస్తాయి, లేని ఫోల్డర్లు తయారవుతాయి. ఫైళ్ళు మాత్రం మీరే జరపాలి. తెలుగు పేరున్న ఫోల్డర్ తెరిచి, కంట్రోల్ ఎ, తర్వాత కాపీ, ఇంగ్లిష్ ఫోల్డర్‌లో పేస్ట్. ఒకే పేరుతో రెండు ఫైళ్ళుంటే అడుగుతుంది, రెండూ ఉంచు అనండి, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. అన్నీ వచ్చాయో లేదో చూసుకున్నాక మాత్రమే తెలుగు పేరున్న ఫోల్డర్లో ఫైళ్ళు తీసెయ్యండి, ఆఖర్న ఆ ఫోల్డర్‌ని టెర్మినల్‌లో ఆర్‌ఎమ్‌డిర్‌తో తీసెయ్యండి. ఆర్‌ఎమ్‌డిర్ ఎందుకంటే లోపల ఒక్క దాచిన ఫైల్ మిగిలినా అది ఒప్పుకోదు, తియ్యనంటుంది. ఆర్‌ఎమ్ మైనస్ ఆర్ అయితే ఏమీ అడక్కుండా ఊడ్చేస్తుంది, దాని జోలికి పోకండి.

తెలుగు పేరు టెర్మినల్‌లో కొట్టలేకపోతే మొదటి అక్షరం కాపీ చేసి పేస్ట్ చేసి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే పూర్తి చేస్తుంది. లేదా ఫోల్డర్‌ని మౌస్‌తో లాక్కొచ్చి టెర్మినల్‌లో వదిలితే పేరు మొత్తం పడుతుంది.

లినక్స్‌లో ఇంకో ఘోరమైన పరిస్థితి ఉంది. చిట్టాలో ఉన్న ఫోల్డర్‌ని మీరు డిలీట్ చేసేసినా, రీనేమ్ చేసినా, తర్వాత లాగిన్ అయినప్పుడు సిస్టమ్‌కి అది దొరకదు, దొరక్కపోతే ఆ లైన్‌ని హోమ్ ఫోల్డర్‌కే తిప్పేస్తుంది. డెస్క్‌టాప్ ఫోల్డర్‌కి ఇలా అయితే హోమ్‌లో ఉన్నవన్నీ స్క్రీన్ మీద ఐకాన్లుగా వచ్చి పడతాయి. అప్పుడు స్క్రీన్ నీట్‌గా ఉంచుదామని ఆ ఐకాన్లని డిలీట్ చేశారంటే హోమ్‌లో అసలు ఫైళ్ళే పోతాయి, అవి షార్ట్‌కట్లు కావు. అలా కనబడిన రోజు ఏమీ డిలీట్ చెయ్యకుండా, హోమ్‌లో డెస్క్‌టాప్ అని కొత్త ఫోల్డర్ చేసి, పైన చెప్పిన చిట్టాలో ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ డిర్ లైన్‌ని దానికి మార్చి, లాగౌట్ అయ్యి లాగిన్ అవ్వండి.

కాలేజీ ల్యాబుల్లో, కోచింగ్ సెంటర్లలో యాభై మెషీన్లు చూసుకునేవాళ్ళకి ఒక్కొక్క యూజర్ దగ్గర ఇది చేస్తూ కూర్చోవడం కుదరదు. ఈటీసీ కింద ఎక్స్‌డీజీ ఫోల్డర్‌లో యూజర్-డిర్స్ డాట్ కాన్ఫ్ అని ఉంటుంది, అందులో ఎనేబుల్డ్ ఈక్వల్స్ ట్రూ అన్నదాన్ని ఫాల్స్ చేస్తే ఎవరు ఏ భాష పెట్టుకున్నా ఈ కమాండ్ తనంతట తాను చిట్టాని మార్చదు. ముందు ఇంగ్లిష్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి లాగిన్ అయ్యి ఫోల్డర్లు తయారయ్యాక, ఆ తర్వాత భాష మార్చి ఇది చెయ్యండి. కొత్తగా చేసే యూజర్లకి అప్పుడు ఫోల్డర్లు వాటంతట అవి రావు, మీరే చేసి పెట్టాలని గుర్తుంచుకోండి.

స్టెప్ 4: మ్యాక్ అయితే

ఇక్కడ పెద్ద పని లేదు. మ్యాక్‌లో డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్ లోపల డాట్ లోకలైజ్డ్ అని ఖాళీ ఫైల్ ఒకటి దాక్కుని ఉంటుంది, కమాండ్, షిఫ్ట్, ఫుల్‌స్టాప్ కలిపి నొక్కితే కనబడుతుంది. అది ఉంటే ఫైండర్ (మ్యాక్‌లో ఫోల్డర్లు చూపించే ప్రోగ్రామ్) ఆ పేరుని మీ భాషలో చూపిస్తుంది, తీసేస్తే ఇంగ్లిష్‌లో చూపిస్తుంది. పొరపాటున తీసేస్తే టచ్ కమాండ్‌తో అదే పేరుతో ఖాళీ ఫైల్ మళ్ళీ చేసి, ఫైండర్‌ని రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. హిందీలో పెట్టుకున్న మ్యాక్ మీద ఎవరికైనా దారి చెప్పాలంటే కమాండ్, షిఫ్ట్, జీ నొక్కమని చెప్పి, వచ్చిన పెట్టెలో టిల్డె, స్లాష్, డాక్యుమెంట్స్ కొట్టమనండి, ఏ భాషలో ఉన్నా నేరుగా వెళ్తుంది.

స్టెప్ 5: మీరే తెలుగులో పెట్టుకున్న పేర్లు

సిస్టమ్ ఫోల్డర్ల సంగతి అయ్యింది, ఇక మనం స్వయంగా తెలుగులో పేర్లు పెట్టుకునే ఫోల్డర్లు. తప్పకుండా పెట్టుకోండి, మన ఫొటోలకి మన భాషలో పేరు ఉండటం కంటే బాగుండేది ఏముంది. నాలుగు చోట్ల మాత్రం జాగ్రత్త.

మొదటిది కంటికి కనబడని అక్షరం. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత అతుక్కోకుండా ఉండటానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరాన్ని పెడతాయి. ఫోన్‌లో బీచ్‌ రోడ్ అని కొట్టి ఒక ఫోల్డర్, కంప్యూటర్‌లో బీచ్ రోడ్ అని ఇంకో ఫోల్డర్ చేస్తే చూడ్డానికి రెండూ అచ్చం ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం వేరు వేరు, ఎందుకంటే మొదటిదాంట్లో చ పొల్లు తర్వాత ఆ కనబడని అక్షరం ఉంది. రెండు ఫోల్డర్లు ఒకే పేరుతో పక్కపక్కన ఎలా ఉన్నాయి అని ఆశ్చర్యపోయేది ఇలాంటప్పుడే. ఒకదాని పేరు పూర్తిగా చెరిపేసి, ఒకే కీబోర్డుతో మళ్ళీ కొట్టి, అప్పుడు మర్జ్ చెయ్యండి.

రెండోది ఐత్వం. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకీ నంబర్లు ఇచ్చే పద్ధతిలో, తెలుగు ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వం తోక, ఇలా రెండు ముక్కలుగానూ రాయొచ్చు, రెండూ సమానమే అని యూనికోడ్ ఒప్పుకుంటుంది. పాత మ్యాక్ డిస్కుల ఫార్మాట్, ఎచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, పేరుని ఎప్పుడూ ముక్కలు చేసే దాచుకుంటుంది. కాబట్టి కైలాసగిరి అనే ఫోల్డర్‌ని అలాంటి డిస్క్ మీద పెట్టి అక్కడి నుంచి లినక్స్‌కి కాపీ చేస్తే, లినక్స్‌లో ముందే ఉన్న కైలాసగిరితో అది కలవదు, రెండు కైలాసగిరులు తయారవుతాయి. సింహాచలానికి ఈ గొడవ లేదు, ఐత్వం లేదు కాబట్టి. లినక్స్‌లో కన్వ్‌ఎమ్‌వీ అనే ప్రోగ్రామ్ ఉంది, దానికి ఎన్‌ఎఫ్‌సీ ఆప్షన్ ఇస్తే ముక్కల పేర్లని ఒకటిగా చేస్తుంది. మామూలుగా నడిపితే ఏం చేస్తుందో చూపించి ఊరుకుంటుంది, నోటెస్ట్ అని చేరిస్తేనే నిజంగా మారుస్తుంది, ముందు చూసుకుని తర్వాతే అది చేర్చండి.

మూడోది పొడవు. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 డిస్క్ మీద ఒక పేరుకి 255 బైట్లు హద్దు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, గుణింతం, సున్న, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. సింహాచలం అంటే మన కంటికి నాలుగు అక్షరాలు, డిస్క్‌కి ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. అంటే మొత్తం 85 గుర్తులు దాటితే పేరు పట్టదు. విండోస్ డిస్క్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హద్దు 255 అయినా అది బైట్లలో కాదు, ఒక్కో తెలుగు గుర్తు ఒకటిగానే లెక్క, కాబట్టి అక్కడ చక్కగా ఉన్న పెళ్ళి ఫొటోల ఫోల్డర్, వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణమండపం అన్నీ కలిపి రాసినది, లినక్స్‌లోకి కాపీ చేసేటప్పుడు ఫైల్ నేమ్ టూ లాంగ్ అని ఆగిపోతుంది. పేరు చిన్నగా పెట్టి, మిగతా వివరం లోపల ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోండి.

నాలుగోది పాత సాఫ్ట్‌వేర్. యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములు వాడుకునే కోడ్ పేజీ, అంటే ఒక్కో భాష అక్షరాలకి వేసిన పాత నంబర్ల పట్టిక, విండోస్‌లో తెలుగుకి లేదు. అందువల్ల యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములు తెలుగు పేరుని ప్రశ్నార్థకాలుగా చూస్తాయి, ఫైల్ తెరవలేవు. డాబాగార్డెన్స్, జగదాంబ వైపు డీటీపీ చేయించుకోవడానికి, ఫ్లెక్సీ ప్రింట్ చేయించుకోవడానికి పెన్ డ్రైవ్ తీసుకెళ్తుంటే ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు రెండూ ఇంగ్లిష్‌లో చిన్నగా పెట్టి తీసుకెళ్ళండి, లోపల మ్యాటర్ తెలుగులో ఎంతున్నా పర్లేదు. పాత ప్రోగ్రామ్ ఉన్న మెషీన్‌లో విండోస్ యూజర్ పేరు కూడా తెలుగులో పెట్టకండి, ఎందుకంటే యూజర్ ఫోల్డర్ దారిలోనే ఆ పేరు ఉంటుంది, అప్పుడు ఆ ప్రోగ్రామ్‌కి డాక్యుమెంట్స్ దాకా దారే దొరకదు.

స్టెప్ 6: స్క్రిప్టులు, కోడ్ రాసేవాళ్ళకి

ఫోల్డర్ పేరుని కోడ్‌లో రాయొద్దు, సిస్టమ్‌నే అడగండి, అంతే. పవర్‌షెల్‌లో ఎన్విరాన్‌మెంట్ క్లాస్‌లో గెట్‌ఫోల్డర్‌పాత్‌కి మైడాక్యుమెంట్స్ అని ఇస్తే అసలు దారి చెప్తుంది, వన్‌డ్రైవ్‌లో ఉన్నా డీ డ్రైవ్‌లో ఉన్నా. లినక్స్‌లో ఎక్స్‌డీజీ-యూజర్-డిర్, ఖాళీ, డాక్యుమెంట్స్ పెద్ద అక్షరాల్లో. పైథాన్‌లో ప్లాట్‌ఫామ్‌డిర్స్ లైబ్రరీ మూడు సిస్టమ్స్‌కీ సరిపోతుంది. మీ మెషీన్‌లో పనిచేసింది కదా అని హోమ్ పక్కన డాక్యుమెంట్స్ అని అతికించేస్తే, తెలుగు ఉబుంటు వాడే యూజర్ దగ్గర అది కొత్తగా ఒక ఇంగ్లిష్ ఫోల్డర్ చేసి అందులో సేవ్ చేస్తుంది, ఆ మనిషి తన ఫైల్ కోసం ఊరంతా వెతుక్కుంటాడు. జర్మన్ విండోస్ మీద పర్మిషన్ స్క్రిప్టులు నడిపేవాళ్ళకి ఇంకోటి: అక్కడ యూజర్స్ గ్రూప్ పేరు కూడా జర్మన్‌లోనే ఉంటుంది, పేరుకి బదులు ఎస్-1-5-32-545 అన్న ఎస్‌ఐడీ (విండోస్ లోపల గ్రూప్‌కి ఉండే గుర్తింపు నంబరు) వాడండి, ఏ భాష విండోస్‌లోనైనా అదే గ్రూప్.

స్టెప్ 7: బ్యాకప్ పెట్టి, ఒకసారి వెనక్కి తెచ్చి చూడటం

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఏయే ఫోల్డర్లు తీసుకోవాలో ఎంచుకున్న రోజు కంప్యూటర్ ఇంగ్లిష్‌లో ఉండి, తర్వాత తెలుగుకి మార్చి ఉంటే, లినక్స్‌లో ఆ బ్యాకప్ పాత ఫోల్డర్లనే తీసుకుంటూ ఉంటుంది, కొత్తవాటిని చూడదు, ఎర్రర్ కూడా చెప్పదు. కాబట్టి భాష మార్చిన ప్రతిసారీ బ్యాకప్ లిస్ట్ తెరిచి చూడండి. ఎంచుకునేటప్పుడే డాక్యుమెంట్స్, పిక్చర్స్ అని విడివిడిగా కాకుండా హోమ్ మొత్తాన్ని ఎంచుకుంటే ఈ బాధ ఉండదు, స్థలం సరిపోకపోతే వీడియోల ఫోల్డర్‌ని మినహాయించండి.

చివరగా, ఆ కంప్యూటర్‌లో ఇంకో యూజర్ అకౌంట్ చేసి దానికి వేరే భాష పెట్టి, బ్యాకప్ నుంచి ఒక ఫోల్డర్ వెనక్కి తెచ్చి చూడండి. తెలుగు పేరుతో, ఐత్వం ఉన్నది, కాస్త పొడవైనది ఎంచుకోండి. లోపల ఫైళ్ళు తెరుచుకుని, పేరు చెడకుండా వస్తే ఆ టెస్ట్ అకౌంట్ తీసెయ్యొచ్చు. రాకపోతే బ్యాకప్ డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూసి, స్టెప్ 5లో ఏది తగిలిందో వెతికి సరిచేసి, మళ్ళీ ఒకసారి వెనక్కి తెచ్చి చూడండి.